నాన్నగారి కెమెరా పెట్టె: 31 టేపులు, ఒక పాత డిస్కు, 15 వేల బడ్జెట్టు

గోదారిగట్టు
జనవరి 17, రాత్రి 10:42

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. సంక్రాంతికి రాజమండ్రి ఇంటికొచ్చాను. కనుమ మర్నాడు అటక దులుపుతుంటే నాన్నగారి కెమెరా పెట్టె కిందికి దిగింది. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ ఎవరూ ముట్టుకోలేదు.

పెట్టెలో ఉన్నవి ఇవీ: 2007లో అమెరికా నుంచి వస్తూ బాబాయి తెచ్చిన టేపు కెమెరా, పక్కన హెచ్‌డీవీ అని రాసుంది. చిన్న టేపులు 31, అన్నింటి మీదా నాన్నగారి చేతిరాత. 2012లో హైదరాబాద్‌లో కొన్న మెమరీ కార్డు కెమెరా ఒకటి. ఆ కార్డులు నిండినప్పుడల్లా ఆయన ఖాళీ చేసుకున్న 500 జీబీ డిస్కు ఒకటి, అందులో 210 జీబీ దాకా ఉంది. డిస్కు తిరిగేటప్పుడు కిర్రుమంటోంది.

ఊళ్లో ఒక స్టూడియోలో అడిగితే టేపుకి 500 అన్నారు, డీవీడీలు చేసిస్తారట. 31 టేపులకి అక్కడికే 15,500. నా బడ్జెట్టు మొత్తం 15 వేలు. ఏప్రిల్లో అక్క కూతురి ఓణీల పండగ ఉంది, ఆ రోజు ఇరవై నిమిషాల సినిమా లాంటిది వేసి చూపించాలని నా ఆశ. ఎడిటింగు ఓనమాలు కూడా రావు. ఆరేళ్ల నాటి లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. ఎక్కడ మొదలెట్టమంటారు?

పాతటేపు
జనవరి 17, రాత్రి 11:30

డీవీడీలు వద్దు బాబూ. ముందు ఆ మాట చెప్పేసి పడుకుందామని లేచి కూర్చున్నా. మీ టేపుల్లో ఉన్న బొమ్మ 1440 బై 1080. డీవీడీలో పట్టేది 720 బై 576. అంటే మీ నాన్నగారు హెచ్‌డీలో తీసిన దాన్ని డబ్బిచ్చి మరీ మామూలు వీడియో చేయించుకోవడం. మిగతాది పొద్దున రాస్తాను. ఈలోపు రెండు పనులు చేయండి.

ఒకటి, ఆ కిర్రుమనే డిస్కు మళ్లీ మళ్లీ తెరిచి చూడకండి. ఇంకో డిస్కు కొన్నాక ఒక్కసారి తగిలించి, మొత్తం దింపేసుకుని, అప్పుడు చూసుకోండి.

రెండు, ప్రతి టేపు వీపున చిన్న జారుడు మీట ఉంటుంది. ఒక పక్క ఆర్ఈసీ, ఒక పక్క సేవ్. 31 టేపులూ సేవ్ వైపు జరపండి. కెమెరాలో పెట్టి పొరపాటున ఎర్ర బటన్ నొక్కారంటే పాతదాని మీద మీ చెప్పులో, సీలింగు ఫ్యానో ఎక్కుతుంది.

పాతటేపు
జనవరి 18, ఉదయం 6:55

ఇప్పుడు అసలు సంగతి. హెచ్‌డీవీ అంటే చిన్న టేపు మీద హెచ్‌డీ వీడియో ఎక్కించే పద్ధతి. ఆ టేపు మీద ఉన్నది అంకెలే. అందుకని స్టూడియో వాళ్లలాగా ప్లే చేస్తూ పక్క మిషన్లో రికార్డు చేయక్కర్లేదు. టేపు మీద అంకెలు ఎలా ఉన్నాయో అలాగే కంప్యూటర్లోకి లాగాలి. అప్పుడు నాణ్యత వెంట్రుకంత కూడా తగ్గదు. గంట టేపుకి 11, 12 జీబీ అవుతుంది. మీ 31కి 360 జీబీ అనుకోండి.

దానికి కావాల్సింది ఫైర్‌వైర్, అంటే యూఎస్‌బీ కాకుండా ఆ రోజుల్లో వీడియో దించుకోవడానికి వాడిన వేరే కనెక్షన్. మీ కెమెరా మీద ఐలింక్ అనో డీవీ అనో రాసున్న చిన్న నాలుగు పిన్నుల రంధ్రం ఉంటుంది, అదే. ఆ కాలం కెమెరాల్లో యూఎస్‌బీ చాలావాటికి ఫొటోలు దించుకోవడానికే. దాన్నుంచి హెచ్‌డీ టేపు రాదు. లాప్‌టాప్ పక్కన పెట్టేయండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి చూడండి, ఫైర్‌వైర్ కార్డు అందులో దూర్చాలి. విండోస్ 7 ఉంటే మరీ మంచిది, ఇంటర్నెట్టు మాత్రం తగిలించకండి. హెచ్‌డీవీ స్ప్లిట్ అని చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. టేపు తిరుగుతున్నంతసేపూ దించుకుంటుంది, కెమెరా ఆపి మొదలెట్టిన చోటల్లా కొత్త ఫైలు చేస్తుంది.

వైరు తగిలించేటప్పుడు రెండూ ఆపి ఉండాలి. ఫైర్‌వైర్ ఆరు పిన్నుల వైపు కరెంటు కూడా వస్తుంది. నడుస్తుండగా గుచ్చితే కెమెరా పోర్టు కాలిపోవచ్చు. పోర్టు పోయిందంటే ఇక అలాంటి కెమెరా ఇంకోటి వెతుక్కోవడమే.

చెనాయ్_చిప్పు
జనవరి 18, ఉదయం 9:20

పాతటేపు సార్ చెప్పింది కరెక్ట్. నేను జర మార్కెట్ ముచ్చట చెప్త. మాది సికింద్రాబాద్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ల దుకాణం. కొత్తగ ఫైర్‌వైర్ కార్డులు ఎవ్వలు స్టాక్ పెడ్తలేరు, కాని పాత సామాను డబ్బాలల్ల ఉంటయ్. కార్డు మీది చిప్పు చూడుండ్రి, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది ఉంటే కండ్లు మూస్కొని తీస్కోవచ్చు. వెయ్యి, పదిహేను వందలల్ల వస్తది.

ఇంకోటి. ఒక దిక్కు ఫైర్‌వైర్, ఇంకో దిక్కు యూఎస్‌బీ ఉండే వైరు ఆన్‌లైన్ల రెండు వందలకు అమ్ముతున్నరు. అది కొనకుండ్రి. రెండిటి భాష ఏరే, ఉత్త పిన్నులు కలిపితే డాటా రాదు. నెలకొకరన్న అది పట్టుకొని నా దగ్గరికొస్తరు, ఎందుకు పని చేస్తలేదని.

విండోస్ కిరికిరి వద్దనుకుంటే లైనక్స్ ఏస్కోండ్రి. డీవీగ్రాబ్ అని కమాండ్ ఉంటది, హెచ్‌డీవీ అని చెప్తే సక్కగ దించుతది. కార్డుకు డ్రైవర్లు దేవులాడే పనే ఉండదు.

గోదారిగట్టు
జనవరి 18, మధ్యాహ్నం 1:15

ఇద్దరికీ ధన్యవాదాలండి. మీటలు జరిపాను. 31లో 22 ఇంకా రికార్డు వైపే ఉన్నాయి! మా బావమరిది షాపులో మూలపడ్డ డెస్క్‌టాప్ ఇస్తానన్నాడు. విండోస్ 7, ఆన్ చేస్తే తేదీ 2009 చూపిస్తోంది.

ఇంకో అనుమానం. రెండు టేపులకి కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లగా బూజులాగా ఉంది. కాస్త ముక్క వాసన కూడా. గుడ్డతో తుడిచి పెట్టనా?

మర్రిపాలెం_మిక్సింగ్
జనవరి 18, సాయంత్రం 4:48

తుడవకు బాబూ! ఆ రెండూ కెమెరాలో పెట్టకు, మిగతా వాటి పక్కన కూడా ఉంచకు. అది ఫంగసు. కెమెరాలో తిరిగితే టేపుని చదివే హెడ్డుకి అంటుకుంటాది, అక్కణ్నుంచి తరవాత పెట్టిన ప్రతి టేపుకీ పాకుతాది. నేను విశాఖలో పద్దెనిమిదేళ్లు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేశాను. సముద్రం గాలికి ఎన్ని టేపులు బూజు పట్టాయో లెక్కలేదు. మీదేమో గోదారి గట్టు, అటక మీద పెట్టె, అడగాలా ఏటి!

ఆ రెంటినీ గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలేసి మూసీ. దాని సంగతి తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాలి. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

మిగతా 29 మొదలెట్టే ముందు పద్ధతి చెప్తాను. పదేళ్లు కదలకుండా ఉన్న టేపు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ముందు చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటికి రివైండ్, అప్పుడు ప్లే. బ్యాటరీ మీద నడపకు, అడాప్టర్ పెట్టు, సగంలో ఆగితే టేపు లోపల ఇరుక్కుంటాది. మొదటగా నీకు అంత పట్టింపు లేని టేపు పెట్టు. కెమెరా నమిలితే అదొక్కటే పోతాది, అక్క పెళ్లి టేపు పోదు. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగితే హెడ్డు క్లీనింగు టేపు ఉంటాది, పది సెకండ్లు తిప్పి తీసీ. అది గరుకు కాగితం లాంటిది, ఊరికే వాడితే హెడ్డే అరిగిపోద్ది.

హెచ్‌డీవీతో ఇంకో తంటా ఉంది. హెచ్‌డీవీకి ముందొచ్చిన పాత డీవీలో టేపు మీద గీత పడితే ఒక ఫ్రేమ్‌లో మచ్చ కనపడి పోయేది. హెచ్‌డీవీలో 12, 15 ఫ్రేములు ఒక కట్టగా ఉంటాయి, ఒకదాన్ని చూసి ఒకటి నిలబడతాయి. చిన్న గీత పడినా అర సెకండు బొమ్మ ఆగిపోద్ది. అలాంటి చోట కంగారు పడకు. టేపు వెనక్కి తిప్పి ఆ ముక్క రెండోసారి దింపు, ఒక్కోసారి రెండో ఆటలో సరిగ్గా వస్తాది.

డల్లాస్_దొడ్డమ్మ
జనవరి 19, ఉదయం 7:02

గోదారిగట్టు గారూ, కెమెరా అమెరికాలో కొన్నదన్నారు కదా. అందులో కల్యాణ మండపాల్లో తీసినవి ఉంటే వెలుగు కొట్టుకుంటున్నట్టు, మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. చూసి చెప్పండి, నేను పందెం కాస్తాను.

ఎందుకంటే అమెరికా కెమెరాలు సెకనుకి 60 ఫీల్డులు (ఒక్కోటి సగం ఫ్రేము) తీస్తాయి, మనవి 50. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు సెకనుకి నూరుసార్లు మినుకుతుంది. 50 కెమెరాకి ఆ లెక్క సరిపోతుంది, 60కి సరిపోక కొట్టుకుంటుంది. మా వారు ఇలాంటి కెమెరాతోనే 2006లో గుంటూరొచ్చి మా ఆడపడుచు పెళ్లి తీశారు. పెళ్లంతా డిస్కో లైట్లు! షట్టర్ నూరో వంతుకి పెట్టుకుంటే పోయేదని తర్వాత తెలిసింది. తీసేశాక చేయగలిగింది తక్కువ. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంలో డీఫ్లికర్ అని ఫిల్టర్ ఉంది, కాస్త తగ్గిస్తుంది.

మీకు దీనివల్ల వచ్చే అసలు చిక్కు ఎడిటింగులో. టేపులన్నీ 60, హైదరాబాద్ కెమెరావన్నీ 50. రెండూ ఒకే సినిమాలో కలపాలి.

సైజుతగ్గించు
జనవరి 19, ఉదయం 10:37

ఇంత తలనొప్పి ఎందుకండీ. అన్నీ దించుకుని హెచ్.265 అనే, సైజు తగ్గించే ఫార్మాట్లోకి మార్చేయండి. టేపులవీ పాత డిస్కులోవీ కలిపి 570 జీబీ కాస్తా 150కి దిగుతుంది, కంటికి తేడా తెలియదు. పైగా ఇంటి వీడియోల్లో సగం చెత్తే ఉంటుంది. కెమెరా ఆపడం మర్చిపోయి నేలని తీసినవీ, ఫోకస్ లేనివీ, గోడలూ. అవన్నీ ముందే కత్తిరించి పారేసి, మిగిలింది మార్చుకుని, టేపులు అమ్మేయండి. ఒక పెద్ద పెన్ డ్రైవ్‌లో అంతా పడుతుంది. నేను మా ఇంట్లోవన్నీ అలాగే చేశాను.

పాతటేపు
జనవరి 19, ఉదయం 11:20

తమ్ముడూ, కోపం తెచ్చుకోకు, నేను కూడా ఒకప్పుడు నీలాగే చేశాను కాబట్టి చెబుతున్నా. 2011లో మా మనవడి అన్నప్రాసన, బారసాల, మా అమ్మ చివరి సంక్రాంతి, అన్నీ ఆనాటి "మంచి" ఫార్మాట్లోకి మార్చి అసలు ఫైళ్లు చెరిపేశాను. డిస్కులో 80 జీబీ మిగిలిందని సంబరపడ్డాను కూడా. మార్చేటప్పుడు ఫీల్డుల వరస తిరగేసి పెట్టానని రెండేళ్ల తర్వాత పెద్ద టీవీలో చూస్తే తెలిసింది. మా అమ్మ చెయ్యి కదిపితే దువ్వెన పళ్లలాగా చీలి, ముందుకీ వెనక్కీ వణుకుతుంది. అసలుంటే పావుగంటలో దిద్దుకునేవాణ్ని. లేదు.

ఈ పాత హెచ్‌డీ అంతా ఇంటర్‌లేస్డ్. ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, సరి గీతలు ఒక క్షణంవి, బేసి గీతలు మరో క్షణంవి. వాటిని కలిపే పద్ధతులు ఏటేటా మెరుగవుతున్నాయి. అసలు చేతిలో ఉంటే పదేళ్ల తర్వాత వచ్చే మంచి పద్ధతితో మళ్లీ చేసుకోవచ్చు. మార్చి పారేస్తే ఈరోజు చేసిన తప్పే శాశ్వతం.

సైజు సంగతి చూడు. 570 జీబీ 1 టీబీ డిస్కులో సుఖంగా పడుతుంది. నువ్వు 150కి దించినా కొనేది అదే డిస్కు. మిగిలిందేమిటి మరి?

ఫోన్లో చూసుకోవడానికీ, చుట్టాలకి పంచడానికీ నీ పద్ధతే బాగుంటుంది, అందులో నాకు తగువు లేదు. అసలుతో పాటు చిన్న కాపీ ఇంకోటి. పెన్ డ్రైవ్ మాత్రం చేతులు మార్చుకోవడానికే. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా సొరుగులో పడేస్తే అందులోది జారిపోవచ్చు.

సైజుతగ్గించు
జనవరి 19, మధ్యాహ్నం 12:05

మీ అనుభవం మీది, సార్. నావి బాగానే ఉన్నాయి. చెత్త దాచుకోవడం మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు.

చెనాయ్_చిప్పు
జనవరి 19, రాత్రి 9:50

కార్డు కెమెరా గురించి ఎవ్వలు చెప్తలేరు, నేను చెప్త. గది ఏవీసీహెచ్‌డీ. 2006ల సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన ఫార్మాట్. కార్డుల ప్రైవేట్ అని ఫోల్డర్, దాంట్ల ఏవీసీహెచ్‌డీ, దాంట్ల బీడీఎంవీ, దాంట్ల స్ట్రీమ్, ఆఖర్కి అసలు వీడియో ఉండే ఎంటీఎస్ ఫైళ్లు. చానమంది ఉత్త ఎంటీఎస్‌లు కాపీ కొట్టి మిగతాది పారేస్తరు. అట్ల చెయ్యకుండ్రి, ఫోల్డర్ మొత్తం ఎట్లున్నది అట్లనే దాస్కోవాలె.

ఎందుకంటే కార్డుల ఫైళ్లు దాచే పద్ధతి ఫ్యాట్32, దాంట్ల ఒక ఫైలు 4 జీబీ దాటదు. కొన్ని కెమెరాలు 2 జీబీకే కోస్తయ్. లగ్గం ముహూర్తం గంట సేపు ఆపకుండ తీస్తే గది మూడు నాలుగు ముక్కలైతది. ఎడిటర్ల ముక్కలు పక్కపక్కకు పెడితే అతుకు కాడ సౌండ్ టక్కుమంటది, మంత్రం మధ్యల ఒక అక్షరం పోతది. ముక్కలను ముందుగాల అతికియ్యాలె. విండోస్‌ల కాపీ కమాండ్‌కు స్లాష్ బీ పెట్టి ప్లస్ గుర్తుతోని వరసగ రాస్తే ఒక్క ఫైలైతది. గా ముక్కలు ఒకే షాట్‌వి అయితేనే చెయ్యుండ్రి, ఏరే ఏరే షాట్‌లను గట్ల అతికియ్యొద్దు.

ఇంకో ముచ్చట. ఫైలు కాపీ కొట్టంగ కొట్టంగ తేదీ మారిపోతది, అన్నీ ఇయ్యాల్టి తేదీలే కనపడ్తయ్. పరేషాన్ కావొద్దు. తీసిన తేదీ, టైమ్ ఎంటీఎస్ లోపట్నే రాసుంటది. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం పెడితే బయటికొస్తది, దాంతోనే ఫైళ్లకు పేర్లు కూడ మార్చొచ్చు. నేనైతే సంవత్సరం, నెల, రోజు, టైమ్ గట్ల పెడ్త, వాటంతట అవే వరసల పడ్తయ్. ఈ పని హెచ్.265ల మార్చినంక చేద్దామంటే గా తేదీ ఉండదు.

గోదారిగట్టు
ఫిబ్రవరి 11, రాత్రి 11:18

మూడు వారాలైంది, లెక్క చెప్తానండి. కార్డు 1,250, వైరు 300, సిలికా జెల్ 150. 1 టీబీ డిస్కులు రెండు, ఒక్కోటి 4,700. డెస్క్‌టాప్ ఉచితమే గానీ అందులో గుండీ బ్యాటరీ మార్చాక గానీ తేదీ నిలబడలేదు, అది 30. మొత్తం 11,130.

29 టేపుల్లో 26 పూర్తిగా దిగాయి. మూడింట్లో అక్కడక్కడా బొమ్మ ఆగింది, రెండోసారి తిప్పితే ఒకటి బాగుపడింది. పాత డిస్కులో మూడు ఫైళ్లు తప్ప అన్నీ వచ్చాయి, 2015 పుష్కరాలు భద్రం. దొడ్డమ్మ గారూ, పందెం మీదే. 2007 అక్క పెళ్లిలో మండపమంతా మినుకుమినుకే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు సరిగ్గా వీడియో వాళ్ల లైటు పడింది, అక్కడొక్కటీ నిలకడగా ఉంది.

ఇప్పుడు ఎడిటింగు దగ్గర ఆగిపోయాను. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు ప్రోగ్రాం వేస్తే లాప్‌టాప్ లేవలేదు. షాట్‌కట్ నడుస్తోంది గానీ కార్డు కెమెరా ఫైలు వేస్తే నత్తనడక. టేపు ఫైళ్లు మాత్రం పరవాలేదు. రెండూ హెచ్‌డీయే కదా, ఎందుకిలా?

డల్లాస్_దొడ్డమ్మ
ఫిబ్రవరి 12, ఉదయం 6:40

టేపుది ఎంపెగ్ 2, విప్పడం తేలిక. కార్డుది హెచ్.264, చిన్న చోట ఎక్కువ కుక్కింది, విప్పడానికి ప్రాసెసర్ చెమటోడ్చాలి. దానికి విరుగుడు ప్రాక్సీ. షాట్‌కట్ సెట్టింగుల్లో ప్రాక్సీ ఆన్ చేయండి, కేడెన్‌లైవ్‌లో కూడా ఉంది. ప్రతి ఫైలుకీ తేలికపాటి చిన్న నకలు తయారవుతుంది, మీరు కోతలూ అతుకులూ దాని మీద చేస్తారు. చివర్లో సినిమా బయటికి తీసేటప్పుడు అదే అసలు ఫైళ్లని వాడుకుంటుంది. నకళ్లు తయారవడానికి ఒక రాత్రి పడుతుంది, లాప్‌టాప్ వదిలేసి పడుకోండి. రిజాల్వ్ మంచిదే గానీ గ్రాఫిక్స్ కార్డు లేనిదే కదలదు.

60, 50 కలపడం గురించి. మీ ఇరవై నిమిషాల్లో ఏది ఎక్కువుంటే ప్రాజెక్టు దానికి పెట్టండి. మీరు చెప్పినదాన్ని బట్టి టేపులే ఎక్కువ, కాబట్టి 59.94 ప్రోగ్రెసివ్ పెట్టండి (మనం 60 అంటున్నది కచ్చితంగా చెప్తే 59.94, ప్రోగ్రెసివ్ అంటే సగాలు కాక పూర్తి ఫ్రేములు). డీఇంటర్‌లేస్ చేసేటప్పుడు, అంటే ఆ సగాలని పూర్తి ఫ్రేములుగా మార్చేటప్పుడు, ఒక్కో ఫీల్డుని ఒక్కో ఫ్రేము చేసే పద్ధతి ఎంచుకోండి, బీడబ్ల్యూడీఐఎఫ్ అని ఉంటుంది. కదలిక నీళ్లలా సాగుతుంది. పుష్కరాల 50లో పక్కకి తిప్పిన షాట్లు కాస్త కుదుపు చూపిస్తాయి, అవి తక్కువ వాడండి. స్థిరంగా ఉన్నవి ఎవరికీ తెలియదు.

మర్రిపాలెం_మిక్సింగ్
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3:25

నేను బొమ్మ గురించి కాదు, సౌండు గురించి చెప్తాను. పద్దెనిమిదేళ్లు పెళ్లి క్యాసెట్లలో సినిమా పాటలు దట్టించి పాపం మూటగట్టుకున్నవాణ్ని. కస్టమర్లు అదే అడిగేవారు, మేమూ అదే చేసేవాళ్లం. అసలు సౌండు తీసి పారేసేవాళ్లం. ఇప్పుడు ఆ ఇళ్లవాళ్లే ఫోన్ చేసి "మా నాన్న మాట ఎక్కడైనా ఉందా సార్" అని అడుగుతున్నారు. ఎక్కడుంటాది! అప్పగింతల్లో ఆయన ఏడుస్తూ ఏదో అంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి, వెనకాల మేమేసిన పాట.

బాబూ, కెమెరా పట్టుకున్నది మీ నాన్న. ఆయన బొమ్మలో ఎక్కడా ఉండడు, మాటలో ఉంటాడు. మైకుకి అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి ఆయనే. పాట వేసి కప్పకు. మొదట్లో, చివర్లో ఏదైనా ఉత్త వాయిద్యం వేస్తే వెయ్యి. యూట్యూబ్‌లో పెడతావేమో, సినిమా పాటుంటే హక్కుదారు క్లెయిమ్ కొడతాడు, ఆ బాధ కూడా తప్పుతాది.

మరో మాట. ఇరవై నిమిషాలన్నావు, పదిహేను చెయ్యి. ఓణీల పండగలో భోజనాలు ఆలస్యమైతే జనం చూడరు.

గోదారిగట్టు
ఫిబ్రవరి 25, రాత్రి 12:50

మిక్సింగ్ గారూ, మీ మాట చదివాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మొదట్నుంచి వింటున్నాను. "ఎర్ర లైటు వెలుగుతోందా లేదా", "కొంచెం ఇటు జరగవే", "ఆ బ్యాటరీ ఎక్కడ పెట్టావ్", ఇవే ఎక్కువ.

19వ టేపు, మీద "2009 ఆగస్టు, బాబు పుట్టినరోజు" అని ఉంది. కేకు కోయడం అయింది, అందరూ వెళ్లిపోయారు. ఆ తర్వాత వేరే రోజుది, ఆయన ఆపాననుకుని రికార్డు నొక్కి కెమెరా మెళ్లో వేసుకున్నట్టున్నారు. ఏడు నిమిషాలు నేల, ఆయన చెప్పులు, పక్కన అమ్మ చీర కుచ్చెళ్లు. ఇద్దరూ చేపల బజారుకి వెళ్తున్నారు. దారిలో కరెంటు బిల్లు గురించి పోట్లాట. తర్వాత ఒక బుట్ట, వెండిలా మెరిసే తోక అంచు. నాన్న గొంతు: "ఇది పులసేనా, సముద్రం విలసని తెచ్చి పులసంటున్నావా?" అమ్మేవాడు గోదారి మీద ఒట్టేస్తున్నాడు. అమ్మ వెనకాల్నుంచి "ఆయనకి తెలీదు, నాకు చెప్పు" అంటోంది. 

సైజుతగ్గించు గారూ, మిమ్మల్ని దెప్పడానికి కాదు గానీ, ఇది మీరన్న నేల వీడియోనే. సినిమాలో ఇదే మధ్యలో పెడుతున్నాను.

సైజుతగ్గించు
ఫిబ్రవరి 25, ఉదయం 9:14

దెప్పినా పరవాలేదండి. పొద్దున్నే చదివి మా ఇంట్లో మా ఆవిణ్ని అడిగాను, మనం పారేసిన వాటిల్లో ఏముండేదని. గుర్తులేదంది. నాకూ గుర్తులేదు. మిగిలిన వాటినైనా రెండో డిస్కులోకి ఎక్కిస్తున్నా. ఏ పద్ధతిలో చేస్తే మంచిదో చెప్పండి.

పాతటేపు
ఫిబ్రవరి 25, ఉదయం 10:30

ఇద్దరికీ కలిపి చెబుతాను. మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల సరుకు మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. గోదారిగట్టు గారికి ఒక డిస్కు రాజమండ్రిలో, ఒకటి హైదరాబాద్‌లో ఉంటే చాలు. టేపులు పారేయరు కాబట్టి మూడో కాపీ అవే. కార్డు కెమెరా వీడియోలకి టేపు లేదు కదా, అందులో ముఖ్యమైనవి క్లౌడ్‌లో పెట్టుకోండి. గూగుల్ ఖాతాకి ఊరికే వచ్చేది 15 జీబీ, అన్నీ పట్టవు. పుష్కరాలూ, పిల్లల మొదటి అడుగులూ ఏరుకోండి. వాట్సాప్‌లో పంపి "ఉంది కదా" అనుకోవద్దు, అది నలిపి పంపుతుంది.

బ్లూరే డిస్కులు కూడా మంచివే. కానీ ఒక్కోటి 25 జీబీ, మీకు 23 డిస్కులూ ఒక రైటరూ కావాలి, ఈ బడ్జెట్టులో వద్దు.

కాపీ కొట్టాక సరిగ్గా దిగిందో లేదో చూడాలి. టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రాంలో వెరిఫై పెడితే ప్రతి ఫైలుకీ ఒక అంకెల ముద్ర తీసి పోల్చి చూస్తుంది. ఆ ముద్రల జాబితా ఫైలుగా భద్రపరుచుకోండి. ఏడాదికోసారి డిస్కు తగిలించి మళ్లీ పోల్చండి. మేము భోగి నాడు చేస్తాం, ఇంటిల్లిపాదీ ఉంటారు కాబట్టి ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అయిదారేళ్లకి డిస్కు బాగున్నా సరే కొత్తది కొని దింపుకోండి.

డబ్బు ఖర్చులేని పని ఇంకోటుంది, అదే అందరూ మానేస్తారు. మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలు వేస్తూ, ఎవరెవరో చెప్పించి రాసుకోండి. ఏ టేపు, ఎన్నో నిమిషం, ఎవరు, ఏమవుతారు. అది కాగితం మీద రాసి డిస్కు డబ్బాలోనే పెట్టండి.

గోదారిగట్టు
ఏప్రిల్ 22, రాత్రి 10:05

ఓణీల పండగ బాగా అయిందండి. సినిమా పద్నాలుగు నిమిషాలు, హాల్లో వాళ్ల టీవీకి పెన్ డ్రైవ్ పెట్టి వేశాం (చేతులు మార్చుకోవడానికే, పాతటేపు గారూ!). పెళ్లిలో మినుకుమినుకు ఎవరికీ పట్టలేదు. బాబు ఇప్పుడు మా అంత ఎత్తున్నాడు, తన మొదటి పుట్టినరోజు కేకు చూసి సిగ్గుపడి బయటికెళ్లిపోయాడు. చేపల బజారు ముక్క మూడుసార్లు వేయించుకున్నారు. నేల తప్ప ఏమీ కనపడకపోయినా హాలంతా టీవీకేసే చూస్తోంది.

ఒక డిస్కు అక్క పట్టుకెళ్లింది. అమ్మతో జాబితా 14వ టేపు దాకా వచ్చింది, రోజుకి గంట కంటే కూర్చోదు. బూజు టేపులు రెండూ ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. మిగిలిన 3,870 వాటికోసం దాచాను.

చెనాయ్_చిప్పు
ఏప్రిల్ 22, రాత్రి 10:40

మస్తు చేసినవ్ తమ్మీ. అన్నీ సరే గని, గా పులస ఆఖర్కి ఎంతకిచ్చిండు?

గోదారిగట్టు
ఏప్రిల్ 22, రాత్రి 11:02

అక్కడే టేపు అయిపోయిందన్నా. అమ్మనడిగితే రోజుకో రేటు చెప్తోంది.